పాటయా? వేలంపాటయా?



మా మర్రిపాడు మండలములో డి.సి.పల్లి యొద్ద పొగాకు వేలంకేంద్రము కలదు. మన సంఘములలో అనేకులు అచ్చటికి బేళ్లు తోలుకొని పోయినవారే. రైతు నారు పోసి, మొక్క నాటి, ఆకు రెలిచి, బ్యారన్‌లో క్యూరింగు చేసి, రకములుగా ఏర్చి, బేలు కట్టి తెచ్చును. బేళ్లను వరుసగా పెట్టుదురు. కొనువారు ఆ వరుస వెంట నడచుచు ధర చెప్పుదురు. రైతు ఏడాది కష్టము ముందర వారు నిలుచు కాలము కొద్ది క్షణములే. ఆ క్షణములలో ఇది మేలురకము, ఇది మీడియము, ఇది లోగ్రేడు అని తేలిపోవును. కొన్నిటిని ఎవరును కొనరు. వాటిని మరల ఇంటికి తోలుకొని పోవలసినదే.

పొగాకు పండించుట మంచిదా కాదా అనునది వేరు ప్రశ్న. దానిని గూర్చి మరియొకప్పుడు మాటలాడుకొందము. నేడు నేను చెప్పదలచినది ఒక్కటే. ఆకుకు వేలంపాట తగును. పాటకు వేలంపాట తగదు. సంఘము పాడు పాటకు బొత్తిగా తగదు.

ఈ మాట ఏల వచ్చినదో చెప్పెదను. రాబోవు క్రిస్మసు నాటికి మర్రిపాడు, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల సంఘములు కొన్ని కలిసి, ఏటేటా ఒక సంగీత అవార్డుల రాత్రి జరుపవలెనని మా యౌవనస్థులు తలపెట్టియున్నారు. ఉత్తమ గాయకుడు, ఉత్తమ గాయని, ఉత్తమ బృందము, ఉత్తమ నూతన గీతము అని విభాగములు ఏర్పరచిరి. షీల్డులకు సొమ్మిచ్చుటకు ఒక దాత ముందుకు వచ్చెను. వేదిక, దీపములు, యూట్యూబులో ప్రసారము, అన్నియు కాగితము మీద సిద్ధమైనవి. నన్ను న్యాయనిర్ణేతగా కూర్చుండుమని అడిగిరి. వారు మంచి పిల్లలు. ప్రార్థనకు వచ్చువారు, చెప్పిన పని చేయువారు. అయినను నేను కూడదంటిని. కూడదని చెప్పి ఊరకుండుట కాపరికి తగదు గనుక, ఏల కూడదో వ్రాయుచున్నాను.

"అయ్యగారూ, నాటు నాటు పాటకు ఆస్కార్ వస్తే లోకమంతా మెచ్చింది గదా, మన పాటలకు మాత్రం ఎందుకుండకూడదు?" అని వారిలో ఒకడు అడిగెను. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. 2023 మార్చి 13వ తేదీ ఉదయమున ఆ వార్త వినినప్పుడు నేనును సంతోషించితిని. ఒక భారతీయ చలనచిత్రములోని పాటకు ఆ బహుమానము దొరకుట అదియే మొదటిసారి. ఆ పాట తెలుగు పాట. మన భాషను ఎరుగనివారు సయితము ఆనాడు దాని పల్లవిని పలికిరి. తెలుగువాడైన వానికి సంతోషము కలుగకుండునా?

అయితే ఆ రాత్రి ఏమి జరిగెనో నిదానించి చూడుడి. ఆ బొమ్మలు సంగీతము కూర్చిన కీరవాణిగారికిని, మాటలు వ్రాసిన చంద్రబోసుగారికిని ఇచ్చిరి. అది న్యాయమే. ఆ పాటను పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అను ఇద్దరును అదే వేదిక మీద, అదే రాత్రి, అందరి యెదుట పాడిరి. పాడి దిగిరి. వారి చేతికి బొమ్మ రాలేదు. ఇది ఎవరి దుర్మార్గమును కాదు. ఆ బహుమానము పాట కట్టినవారికే గాని పాడినవారికి కాదని ఆ సభవారి నియమము. నేను చూపదలచినది ఇదియే. బహుమానమునకు ఒక గీత ఉండవలెను. గీత గీసినప్పుడెల్ల ఎవరో ఒకరు ఆవలి వైపు మిగిలిపోవుదురు. నోరు లేకుండ పాట పుట్టదు. అయినను గీత నోటికి ఆవలగా పడెను.

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. బొంబాయిలో ఫిలింఫేర్ వారి బహుమానములు 1954లో మొదలైనవి. మొదటి యేడే సంగీత దర్శకునికి బహుమానము కలదు. పాడినవారికి లేదు. లతా మంగేష్కర్ గారి గొంతు అప్పటికే దేశమంతట వినబడుచుండెను. 1957లో, బహుమానము పొందిన పాటను సభలో పాడుమని ఆమెను పిలువగా, గాయకులకు బహుమానమే లేని సభలో నేను పాడనని ఆమె నిరాకరించెను. 1959లో గాని గాయకులకు విభాగము ఏర్పడలేదు. దాని మొదటి బహుమానము ఆమెకే వచ్చెను. పిమ్మట 1970 ప్రాంతమున, క్రొత్తవారికి చోటు ఇయ్యవలెనని, ఇక ఆ బహుమానము నాకు వద్దని ఆమెయే తప్పుకొనెను. మొదట తలుపు తెరువుమని కొట్టిన చెయ్యియే, తరువాత ఇతరులు లోపలికి వచ్చుటకై ప్రక్కకు తొలగెను. ఆమెలో నేను మెచ్చునది ఆ రెండవ పని.

మన తెలుగునాట మరియొక విచిత్రము చూడుడి. గుమ్మడి విఠల్‌రావు, లోకము గద్దర్ అని పిలిచిన పాటగాడు, 1995లో వచ్చిన ఒరేయ్ రిక్షా చిత్రములోని తన పాటకు ప్రభుత్వము నంది బహుమానము ప్రకటింపగా, దానిని పుచ్చుకొనలేదు. ఆయన త్రోవ వేరు, మన త్రోవ వేరు. అయినను ఒక మాట ఒప్పుకొనవలెను. ఆయన పాట బొమ్మ కొరకు పుట్టినది కాదు. గోచీ, గొంగళి, చేతికర్రతో జనము నడుమ నిలిచి, జనము చేతను పాడించిన పాట అది. ఆయన 2023 ఆగస్టు 6న మరణించెను. మరుసటి సంవత్సరమే తెలంగాణ ప్రభుత్వము తన చలనచిత్ర బహుమానములకు ఆయన పేరు పెట్టుదుమని చెప్పెను. 2025 జూన్ 14న హైదరాబాదులో దీపముల వెలుగులో గద్దర్ అవార్డులు పంచిరి. బహుమానమును వద్దన్నవాని పేరే బహుమానమాయెను! గౌరవించవలెనను తలంపుతోనే వారట్లు చేసిరని నేను నమ్ముచున్నాను. కాని బహుమానమునకు గల ఆకలి ఎంతటిదో చూచితిరా? తనను కాదన్నవానిని సయితము అది తనలోనికి ఇముడ్చుకొనును.

అది సినిమా లోకము, మనది దేవుని సంఘము, మన బహుమానము పరిశుద్ధముగా నుండునని మా పిల్లలు అనుచున్నారు. ఇది చాలా పాత తలంపు. ఇప్పటికే పరీక్షింపబడిన తలంపు. అమెరికా దేశములో పాటల రికార్డుల వ్యాపారములో నున్నవారు తమలో తాము ఓట్లు వేసికొని, చిన్న గ్రామఫోను బొమ్మను ఇచ్చు గ్రామీ బహుమానములను 1959 మే 4న మొదలుపెట్టిరి. 1962 నాటికి అందులో భక్తిగీతములకు ఒక విభాగము వచ్చెను. దానిని మొదట పొందినది మహాలియా జాక్సన్ అను గొప్ప నీగ్రో సంఘ గాయని. ఆ మీదట అచ్చటి క్రైస్తవ సంగీతపు వ్యాపారులకు, మనకే వేరుగా ఒక సభ ఉండవలెనని తోచెను. 1969లో మెంఫిస్ పట్టణములో దానిని మొదలుపెట్టి, దానికి ఏమని పేరు పెట్టిరో ఎరుగుదురా? పావురము! యొర్దాను నదియొద్ద ప్రభువు మీదికి ఏ రూపమున ఆత్మ దిగివచ్చెనో, ఆ రూపము పేరు బహుమానమునకు పెట్టిరి. రెండేండ్లు తిరుగకమునుపే, 1971లో, ఓట్లలో అక్రమము జరిగినదని గొడవ లేచి, ఆ సంవత్సరపు ఫలితములనే రద్దు చేసిరి. వారు సినిమావారు కారు. సువార్తగీతములు పాడువారు. పావురము పేరు పెట్టినంతమాత్రమున సంత గుడి కాలేదు.

ఇచ్చట నా మీదికి మూడు ప్రశ్నలు వచ్చును. వాటికి జవాబు చెప్పకుండ ముందుకు సాగుట న్యాయము కాదు.

మొదటిది: గౌరవింపదగినవారిని గౌరవించుమని అపొస్తలుడు వ్రాయలేదా? వ్రాసెను. పనివాడు కూలికి పాత్రుడని ప్రభువే చెప్పెను. హార్మోనియము వాయించువానికి బస్సు చార్జీయైనను ఇయ్యని సంఘములు మన ప్రాంతమున కలవు, వారు సిగ్గుపడవలెను. అయితే కూలి వేరు, బహుమానము వేరు. నీవు కష్టపడితివని కూలి చెప్పును. వీరందరి కంటె నీవు ఎక్కువని బహుమానము చెప్పును. మొదటి మాట సంఘములో చెప్పదగినది. రెండవ మాట చెప్పుటకు మనలో అధికారము ఎవరికి కలదు?

రెండవది: పోటీ లేనిదే పిల్లలు నేర్చుకొందురా? మన నెల్లూరు గడ్డ మీద పెరిగిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారిని చూడుడి. ఆరు జాతీయ బహుమానములు పొందినవాడు. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగా అను కార్యక్రమములో పిల్లలచేత పాడించినవాడు. అదియు పోటీయే గదా అందురు. ఔను. అయితే ఆ కార్యక్రమము చూచినవారు దేనిని జ్ఞాపకముంచుకొనిరి? ఏ యేట ఎవరు గెలిచిరో మనలో ఎందరు చెప్పగలరు? ఇచ్చట మాట ఇట్లు పలుకవలెను, ఇచ్చట ఊపిరి ఇట్లు పట్టవలెను అని ఆయన దగ్గరనుండి దిద్దిన తీరు మాత్రము అందరికిని జ్ఞాపకమున్నది. మేలు చేసినది ఆ దిద్దుబాటే. మా యౌవనస్థుల కాగితములో షీల్డులకు లెక్క కలదు, దీపములకు లెక్క కలదు. దిద్దుబాటుకు ఒక్క దినమైనను లేదు.

మూడవది: దావీదు గాయకులను ఏర్పరచలేదా? ఏర్పరచెను. మొదటి దినవృత్తాంతముల గ్రంథము 25వ అధ్యాయము తీసి చదువుడి. వారు 288 మంది. పండ్రెండుగురు చొప్పున 24 వరుసలు. ఎవరి వంతు ఎప్పుడో తేల్చుటకు వారు ఏమి చేసిరి? పోటీ పెట్టలేదు, చీట్లు వేసిరి. పిన్నలని పెద్దలని గాని, గురువని శిష్యుడని గాని భేదము లేకుండ వేసిరి. అంతటి ప్రవీణులు కూడిన చోట ఉత్తమ గాయకుడు ఎవడని ఎవరును అడుగలేదు. మా కమిటీవారు వేదాధారము అడిగిరి గనుక, నేను ఈ అధ్యాయమునే వారి చేతికిచ్చితిని.

ఇంతవరకు లోకపు సంగతులు చెప్పితిని. ఇక నా తప్పు చెప్పెదను. దానిని దాచినయెడల ఈ వ్రాతకు బలము లేదు.

నాలుగేండ్ల క్రిందట క్రిస్మసు ముందు మా సంఘములో పాటల పోటీ పెట్టితిమి. నేనే ఒప్పుకొంటిని. ముగ్గురు న్యాయనిర్ణేతలలో నేనొకడను. శ్రుతికి పది, తాళమునకు పది, ఉచ్చారణకు పది అని కాగితము సిద్ధపరచితిమి. మా సంఘములో ఒక అవ్వ కలదు. పొగాకు గ్రేడింగు కూలికి పోవును. అక్షరము ఎరుగదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఎన్ని ఆమెకు కంఠతా వచ్చునో నేను లెక్కపెట్టలేదు. పుస్తకములో ప్రతి కీర్తన మీదను రాగమును తాళమును వ్రాసియుండును; ఆమె వాటి పేర్లు ఎరుగదు, వాటి నడక ఎరుగును. నేను ఈ సంఘమునకు రాకమునుపు, హార్మోనియము కొనకమునుపు, ఆరాధనలో పాట ఎత్తుకొనినది ఆమెయే. ఆనాడు ఆమెయు వచ్చి పాడెను. గొంతు వణకెను. ఒక చరణము ముందు వెనుకలాయెను. నేను శ్రుతికి పదికి నాలుగు వేసితిని. ఫోనులో సంగీతము పెట్టుకొని దానితో కలిసి పాడిన ఒక కుఱ్ఱవానికి మొదటి బహుమతి ఇచ్చితిమి. మార్కులన్నియు మైకులో చదివి వినిపించితిమి.

తరువాతి ఆదివారము ఆమె వచ్చెను. నోరు తెరువలేదు. మరుసటి వారమును అంతే. మూడవ వారము ఆరాధన ముగిసిన పిమ్మట, "ఏమవ్వా, పాడవేమి?" అని అడిగితిని.

"పాడేవోళ్లు వేరే ఉండారు గదయ్యా. నా పాట తప్పంట గదా, మీరే మార్కులేసినారు" అనెను.

ఆమె గొంతు ఒక్కటియే ఆగియుండిన నష్టము కొంతతో పోయెడిది. ఆమె చాప చుట్టు కూర్చుండు స్త్రీలందరు ఆమె ఎత్తుకొనినప్పుడు ఎత్తుకొనువారు, ఆమె దింపినప్పుడు దింపువారు. ఆమె ఆగగా వారును ఆగిరి. ఆ వారములలో మా గుడిలో హార్మోనియము పాడెను, మైకు పాడెను, సంఘము పాడలేదు. నేను ఆమె యింటికి పోయి, తప్పు చేసితినని చెప్పి క్షమాపణ వేడితిని. ఆమె నవ్వి, "మార్కులు బడికి పొయ్యే పిలకాయలకి గదా నాయనా, నాకెందుకు?" అని నాకు మజ్జిగ ఇచ్చెను. ఇప్పుడు మరల పాడుచున్నది. కాని వెనుక వరుసలో, చిన్న గొంతుతో. మునుపటివలె ఎత్తుకొనుట లేదు.

మరి గెలిచిన కుఱ్ఱవాడో? మరుసటి యేడు వానికి రెండవ బహుమతి వచ్చెను. ఆ దినము మొదలు వాడు గాయక బృందములోనికి రాలేదు. మూడవ యేట పోటీని నేనే మాన్పించితిని. ఓడినవానికి ఒక విధముగాను, గెలిచినవానికి మరియొక విధముగాను ఆ బహుమానము చేటు తెచ్చెను. ఆ చేటునకు పూచీదారుడను నేను.

ఆనాడు నేను కనుగొనిన సంగతి ఇది. మార్కులు వేయుచున్నంతసేపు నేను ఒక్క పాటలోను గొంతు కలుపలేదు. కలుపజాలను. పెన్సిలు పట్టినవాడు పాడలేడు. నేను మాత్రమే కాదు, కూర్చున్న వారందరు ఎవరికి వారు లోలోపల మార్కులు వేయుచుండిరి. అంతకు ముందటి క్రిస్మసున అందరును పాడిన పాటనే, ఆ రాత్రి ఒకరు పాడగా అందరును వినిరి. బహుమానము చేయు పెద్ద హాని ఇదియే. అది గాయకుని గర్వపరచుననుట పాత మాట. అది సంఘమును సభికులుగా మార్చును. పాడు జనమును చూచు జనముగా చేయును. సినిమా సభలో చూచువారు టిక్కెట్టు కొని వచ్చినవారు. చూచుటయే వారి పని. గుడిలో చూచువారు ఉండరాదు. అక్కడ వినువాడు ఒక్కడే, ఆయన మార్కులు మనకు తెలియవు. కానుకపెట్టె యెదుట కూర్చుండి, రెండు కాసులు వేసిన విధవరాలినిగూర్చి ఆయన చెప్పిన తీర్పు, ఆనాడు అక్కడ నిలిచినవారి లెక్కకు ఎంత దూరమో మీరు ఎరుగుదురు.

మన నెల్లూరు మిషను చరిత్ర ఒకసారి తలంచుకొనుడి. 1854 జనవరి 1న తెల్లవారకమునుపు, నెల్లూరు నుండి వెళ్లిన జూయెట్ దొరగారు, ఆయన భార్య, మన దేశస్థులు ముగ్గురు ఒంగోలు కొండ ఎక్కిరి. అందరు కలిసి అయిదుగురు. వారు పాడిరి, వాక్యము చదివిరి, ప్రార్థించిరి. వారిలో ఎవరి గొంతు మంచిదో ఎవరును వ్రాసిపెట్టలేదు. వినుటకు ఆరవ మనిషి లేడు. ఆ ఉదయమును మనవారు నేటికిని మరువలేదు.

మరియొకటి అడిగెదను. మన పల్లెలలో ఒక యింట చావు సంభవించినప్పుడు, తెల్లవార్లు దీపము ప్రక్కను కూర్చుండి కీర్తనలు పాడువారు ఎవరు? గొంతు రాసిపోయినను ఆపక, ఏడ్చువారిని మోసికొనిపోవునట్లు పాడువారు ఎవరు? అవార్డుల కాగితములో వారికి ఏ విభాగము కలదు? ఆ రాత్రి మైకు లేదు, షీల్డు లేదు, శ్రుతి సరిగా నుండదు. మీ తల్లి చనిపోయిన రాత్రి ఎవరు పాడిరో మీకు జ్ఞాపకమున్నది. ఆ పాటకు పదికి ఎన్ని వేయుదురు?

కావున మా యౌవనస్థులకును, చుట్టుపట్ల సంఘముల పెద్దలకును నా మనవి ఇది. అవార్డుల రాత్రి మానుడి. పాటల రాత్రి పెట్టుడి. ప్రతి సంఘము, ఇతరులు మరచిపోయిన పాత కీర్తన నొకదానిని తెచ్చి, అందరికి నేర్పవలెను. ఎవరు ముందో చీట్లు వేయుడి. పాడని మనిషి ఆ పందిటిలో ఉండరాదు. షీల్డులకు పెట్టదలచిన సొమ్ముతో చినిగిన హార్మోనియము తిత్తులు బాగుచేయించుడి, డప్పుకు తోలు మార్పించుడి, వేసవి సెలవులలో పిల్లలకు రాగతాళములు నేర్పుటకు ఒక ఉపాధ్యాయుని పెట్టి జీతమియ్యుడి. దాతగారు మంచివారు, విడమరచి చెప్పినయెడల కాదనరు. ఇక మీ చేతులలోని ఫోనులు ఉన్నవి గదా. వాటితో పోటీలను కాదు, అవ్వలను రికార్డు చేయుడి. వారి నోట నున్న మట్టులు వారితోకూడ మట్టిలోనికి పోకమునుపు పట్టి దాచుడి. అది మీరు చేయగలరు, నేను చేయలేను. ఆ పని విషయమై నేను మీకు శిష్యుడను.

ఈ వ్రాత చదివి నా మీద కోపపడువారు ఉందురు. ఉండనిండు. డి.సి.పల్లి వేలములో ఎవరును కొనని బేలు ఇంటికి తిరిగివచ్చినప్పుడు ఆ యింటివారి ముఖములు ఎట్లుండునో నేను చూచితిని. అటువంటి ముఖమునే మా గుడిలో, వెనుక వరుసలో, నా చేతివ్రాతవలన చూచితిని. మీ గుడిలో మీరు దానిని చూడకుందురుగాక. వచ్చు ఆదివారము పాట ఎత్తుకొనుటకు ముందు మీ వెనుక వరుస వైపు ఒకసారి తిరిగి చూడుడి. అక్కడ నోరు మూసికొని కూర్చున్న వృద్ధురాలు ఉన్నయెడల, ఆమెనే ఎత్తుకొనుమని అడుగుడి. మీరు వెనుక అందుకొనుడి.